ఇరవై ఐదో ఫ్రేము

ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక సందు,
మిద్దె మీద రేకుల గది.
మే నెల. కంప్యూటరు నాకంటే ఎక్కువ రొప్పుతా ఉంది.
దాని మీద తడిగుడ్డ వేయలేను గదా,
నా తలమీదే వేసుకుని కూచున్నా.

బొమ్మకు ఎముకలు పెడ్తా ఉన్నా.
ముందు నడుము. నడుముకు వెన్ను.
వెన్నుకు భుజం, భుజానికి మోచేయి, మోచేతికి మణికట్టు.
పై ఎముక తల్లి, కింది ఎముక బిడ్డ.
తల్లి తిరిగితే బిడ్డ తిరగాల.
బిడ్డ తిరిగితే తల్లికి పట్టదు.
ఈ శాస్త్రం రాసినోళ్లు
మా అమ్మను చూసినట్టు లేదు.

బెంగుళూరు పరుపుల కంపెనీ అడిగిందిది:
విల్లుతో దూది ఏకే మనిషి,
ఒకే ఒక్క సెకను, ఆగకుండా తిరుగుతానే ఉండాల,
నవ్వుతా ఉండాల.
'మీ ఇంటిపేరు దూదేకుల గదా, మీకు తెలిసే ఉంటుంది.'
నాకు తెలిసింది ఇంటిపేరే.
విల్లు నేను పుట్టకముందే అటకెక్కింది.

కింద వాకిట్లో బీడీ ముట్టించుకుంటున్న
ఉస్సేనప్ప పెదనాయనను పైకి పిలిచినా.
కుర్చీ వద్దని గడప మీద కూలబడినాడు.
తెర మీద వాడు కొడ్తా ఉన్నాడు,
కొడ్తా ఉన్నాడు.
శానాసేపు చూసి
'వీడు దోమలు తోలుతున్నాడేందమ్మీ' అన్నాడు.

'భుజంతో కొడితే మధ్యాన్నానికే సస్తాం.
చెయ్యి పట్టుకో. చెయ్యిని లాగు. భుజం అదే వస్తాది.
పని చేతిని లాగుతాది, చెయ్యి మనిషిని.'

మెనూలో ఆ మీట మూడేండ్ల నుంచి ఉంది.
ఇప్పుడు నొక్కినా.
మణికట్టు పట్టి లాగితే
వెన్ను దాకా కదిలింది.

ఆయన కుడిచెయ్యి రొమ్ము దాటి లేవదు.
ఎడంచేత్తో చూపించినాడు, గాల్లో,
నోటితోనే టంయ్... టంయ్... అనుకుంటా.
ఫోన్లో తీసుకొని అద్దంలో లాగా తిప్పుకున్నా.
అప్పుడు తెర మీద
రెండు చేతులూ బాగున్న ఉస్సేనప్ప.
ఆయనకు చూపించలేదు.

ఇరవైనాలుగు ఫ్రేములు.
ఇరవై ఐదోది మళ్లీ మొదటిదే,
అందుకే కడాన దాన్ని తీసెయ్యాల.
ఉంచితే ఒకే బొమ్మ రెండుసార్లు పడి
ప్రతి చుట్టుకూ సన్నగా ఒక వెక్కు.

'నిలబడేదెప్పుడు వీడు?'
నిలబడడు పెదనాయనా, అదే దీని గొప్ప.
'దూదేమాయె?'
ఏం దూది?
'అంత కొడ్తున్నాడే, కుప్ప పెరగలేదు.'
కుప్ప పెరిగితే చివర పోయి మొదటికి కలవదని చెప్పినా.
బీడీ ఆరిపోయింది. మళ్లీ ముట్టించలేదు.
'తూకం లేకుంటే
కూలెట్ల కడ్తారు వానికి?'

ఆ రాత్రి ఇంకొకటి చేసినా, ఎవరూ అడక్కుండానే.
మూడు దెబ్బలు.
ఆగి, బొటనవేలితో నారి మీటి చూస్తాడు.
మొహం పక్కకు తిప్పి దగ్గుతాడు.
కనుబొమ్మల మీద నూగు వాలుతాది,
ఉఫ్ఫని ఊదుకుంటాడు, మళ్లీ మొదలు.
నవ్వుకని పెట్టిన రెండెముకలు పెదాల కాడ్నించి తీసేసినా.

కంపెనీ మెచ్చుకుంది.
'చాలా సహజంగా ఉంది. కానీ పొడుగు.
దగ్గు తీసేయండి.'
మొత్తం తీసేసి ఒక్క సెకనుదే పంపినా.
పద్దెనిమిది వందలు పడినాయి.
'రెండు పరుపుల కూలి' అన్నాడు పెదనాయన,
ఎప్పటి కూలి లెక్కనో అడగలేదు.

రెండోది పగిలిన పాత ఫోన్లో వేసి
ఆయన గూట్లో, మందుల డబ్బాకు ఆనించి పెట్టినా.
దీంట్లో చివరి ఫ్రేము తీయలేదు.
వెక్కు పడ్తాది. పడనీ.

నిన్న రాత్రి కరెంటు పోయి
సందంతా వాకిళ్లలో మంచాలేసుకుంది.
లోపల గూట్లో ఆ వెలుతురొక్కటే.
మంచినీళ్ల కోసం పోతే వినపడింది:

'నారి సూసుకోరా' అంటున్నాడు.
వాడు చూసుకుంటున్నాడు.